ఏడు జానల ఖాళీ

ఒక పెద్ద అడవిలో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏ ఆఫీసులోనూ పని జరిగేది కాదు. అలాగని ఎవరూ కునుకు తీసేవారు కాదు. అందరూ కంప్యూటర్ల ముందు మెడలు వంచి, కళ్ళు చిట్లించి, ఎంతో శ్రద్ధగా కూర్చునేవారు. ఆ శ్రద్ధంతా "కొమ్మదూకుడు" అనే ఆట మీద.

ఆ ఆటను తయారుచేసింది పొన్నారి అనే ఉడుత. వయసు చిన్నది, లెక్కల్లో మహా చురుకు. ఎవరూ అడక్కుండానే మూడు వానాకాలాలు కూర్చుని ఒక్కతే రాసింది. తెర మీద ఒక బుల్లి ఉడుత, వరసగా కొమ్మలు, కొమ్మకూ కొమ్మకూ మధ్య ఏడు జానల ఖాళీ. గురిచూసి దూకితే తర్వాతి కొమ్మ. గురి తప్పితే కింద బురద, మళ్ళీ మొదటి కొమ్మ నుంచి. నూరు కొమ్మలు దాటితే గెలుపు. అంతే ఆట.

ముందుగా దించుకోవడాలు, ఎక్కించుకోవడాలు లేవు. బ్రౌజర్లో పేరు కొడితే రెప్పపాటులో తెరుచుకునేది. పై అధికారి అడుగుల చప్పుడు వినిపిస్తే ఒక్క మీట నొక్కాలి, ఆట మాయమై "వార్షిక పుట్టగొడుగుల నివేదిక" ప్రత్యక్షమయ్యేది. ఆ ఏడాది పుట్టగొడుగుల నివేదికను అంతమంది అంత దీక్షగా చదవడం చూసి అధికారులు ముచ్చటపడ్డారు.

ఇలా ఉండగా అడవి మండలి ఆటల శాఖ నుంచి పొన్నారికి నోటీసు వచ్చింది. శాఖాధికారి అడవిదున్న దున్నప్పగారి సంతకం. "ఆటగాళ్ళ అభిప్రాయాలలో సగటున అయిదుకు నాలుగు స్టార్లు రాని ఆటలు వచ్చే పౌర్ణమి నాడు అడవి నెట్‌వర్క్ నుంచి తొలగించబడును. అభిప్రాయాలు రెండు వందలకు తగ్గరాదు."

కొమ్మదూకుడుకి అభిప్రాయాలు నాలుగు వందల పన్నెండు. సగటు 2.3. అంటే మూడు వానాకాలాల కష్టం పౌర్ణమితో సరి.

పొన్నారి అభిప్రాయాలు చదవడానికి కూర్చుంది. పక్కనే ఎవరు ఎన్నిసార్లు ఆడారో అంకె కూడా కనబడుతోంది.

నెమలి మయూరాంబగారు అయిదు స్టార్లు ఇచ్చారు. "రంగులు బాగున్నాయి. నాలో ఉన్నవే." ఆడింది ఒక్కసారి. అప్పుడు కూడా దూకలేదు.

తేనె గిడ్డంగి గుమాస్తా, ఎలుగుబంటి భల్లయ్య ఒక్క స్టారు ఇచ్చాడు. "పనికిమాలిన ఆట. దూకమంటే అర క్షణం ఆలోచించుకుని దూకుతుంది. ముప్ఫయ్యో కొమ్మ మీదుండగా వేలు జారి వెనక్కి మీట తగిలితే అంతా పోయింది. ఎక్కడిదాకా వచ్చామో దాచిపెట్టే ఏర్పాటు లేదు. చేసినవాళ్ళకు బుద్ధి లేదు." ఆడింది పంతొమ్మిది వందల ఆరుసార్లు.

పొన్నారి తిన్నగా గిడ్డంగికే వెళ్ళింది.

"భల్లయ్య మావయ్యా, అంత పనికిమాలిందైతే పంతొమ్మిది వందలసార్లు ఎందుకాడావు?"

"పనికిమాలిందని తేల్చుకోవద్దూ?" అన్నాడు భల్లయ్య. "నిన్న అరవై రెండో కొమ్మ దాకా వెళ్ళానే పిల్లా. పడ్డాను. తర్వాత తేనె కూడా సహించలేదు."

"ఆ వెనక్కి మీట సంగతి సరిచేస్తాలే."

"చెయ్యి. చేసినా ఒక్క స్టారే ఇస్తాను."

"అదేంటి?"

"ఇంకా పడుతున్నానుగా."

దిగాలుగా తిరిగొస్తుంటే కొండముచ్చు శేషగిరి ఎదురయ్యాడు. మండలికి సలహాదారు. ఏ ఆటా ఆడడు, అన్ని ఆటల గురించీ మాట్లాడతాడు. సంగతంతా విని నవ్వాడు.

"చూడమ్మాయ్, వాళ్ళేం అనుకుంటున్నారన్నది ఎవడికి కావాలి? నువ్వెప్పుడు అడుగుతున్నావన్నదే అసలు సంగతి. బురదలో పడ్డవాడి దగ్గరికెళ్ళి ఎలా ఉందయ్యా అంటే ఏమంటాడు?"

పొన్నారి అక్కడికక్కడే లెక్క తీసింది. పడ్డ నిమిషంలోపు రాసిన అభిప్రాయాల సగటు 1.4. గెలిచిన నిమిషంలోపు రాసినవాటి సగటు 4.8. ఆమె తోక నిటారుగా లేచింది.

ఆ సాయంత్రమే ఆట మారిపోయింది. పడితే ఏమీ అడగదు. గెలిస్తేనే "మా ఆట ఎలా ఉంది?" అని అభిప్రాయాల గడి తెరుచుకుంటుంది. ఆట మారితే పాత అభిప్రాయాలు చెల్లవని శాఖ నిబంధన, అదీ కలిసొచ్చింది.

వారం తిరిగేసరికి సగటు 4.9. అభిప్రాయాలు మాత్రం తొమ్మిది. అడవి మొత్తానికి నూరు కొమ్మలు దాటిన మొనగాళ్ళు తొమ్మిదిమందే మరి. ఇంకా నూట తొంభై ఒకటి కావాలి. పౌర్ణమి పదిహేను రోజుల్లో ఉంది.

"గెలిచేవాళ్ళను పెంచు" అన్నాడు శేషగిరి, అరటిపండు ఒలుస్తూ. "ఆ ఖాళీ ఏడు జానలే ఎందుకుండాలి? ఆరు చెయ్యి. ఎవరు కొలవొచ్చారు?"

ఏడు ఎందుకో పొన్నారికి తెలుసు. ఆరు పెట్టి ఆడినప్పుడు ఆమెకు ఆవలింత వచ్చింది. ఎనిమిది పెట్టినప్పుడు ఏడుపొచ్చింది. ఏడు దగ్గర మాత్రం పడ్డ ప్రతిసారీ "ఇంకొక్కసారి" అనిపించింది. ఆ ఒక్క అంకె పట్టుకోవడానికి ఒక వానాకాలం పట్టింది.

కానీ ఆటంటూ మిగిలితేగా అంకె గొడవ. ఆరు చేసింది. గెలిచినవాళ్ళు ముప్ఫై ఒకరయ్యారు. అయిదు చేస్తే డెబ్భై నాలుగు. మూడు చేస్తే నూట నలభై. పౌర్ణమి ఇంకో రెండు రోజులుందనగా తాబేలు తొంభై తొమ్మిదో కొమ్మ దాకా వచ్చి, జబ్బు చేసినట్టు మెల్లగా పడిపోయింది. పొన్నారికి ఓపిక నశించింది. ఉన్న ఖాళీ కాస్తా తీసేసింది.

నూరు కొమ్మలూ కలిసి ఒక్క కొమ్మయింది. మీట నొక్కితే బుల్లి ఉడుత నడుచుకుంటూ వెళ్ళి చివర్న కూర్చుంటుంది. "గెలిచారు" అని తెర నిండా పూలు రాలతాయి. ఆ వెంటనే గడి తెరుచుకుంటుంది.

ఒక్కరోజులో అభిప్రాయాలు మూడు వందల ముప్ఫై. సగటు 4.9. "ఇప్పుడు హుందాగా ఉంది, ఎవరూ దూకనక్కర్లేదు" అని మయూరాంబగారు మెచ్చుకున్నారు.

పౌర్ణమి ఉదయం మండలిలో సభ పెట్టి పొన్నారికి మోదుగాకుల శాలువా కప్పారు. "మన అడవిలో ఓటమన్నదే లేకుండా చేసిన బిడ్డ" అన్నారు దున్నప్పగారు. "దీన్ని ఆదర్శ ఆటగా ప్రకటిస్తున్నాం. ఇకపై దీన్ని ఎవరూ, తయారుచేసినవారు కూడా, ఒక్క జాన మార్చరాదు." చప్పట్లు మోగాయి.

మర్నాడు పొన్నారి లెక్క చూసుకుంది. ఒకప్పుడు రోజుకి మూడు వేల ఆటలు. ఆ రోజు పదకొండు. ఆ పదకొండూ తనవే, పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఆడినవి.

శాలువా మడిచి పక్కన పెట్టింది. ఆట బతికింది, ఆడేవాళ్ళే లేరు.

ఆఫీసుల్లో ఇంకో ఉపద్రవం వచ్చిపడింది. ఆడ్డానికేమీ లేక గుమాస్తాలు మధ్యాహ్నాలు పని చెయ్యసాగారు. ఒక్క వారంలో దున్నప్పగారి బల్ల మీద అయిదేళ్ళ ఫైళ్ళు చేరాయి. ఆయన కొమ్ములు మాత్రమే బయటికి కనబడేవి.

అప్పుడు భల్లయ్య వచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"పాతది ఎక్కడైనా దాచావటే?"

"దాచాను. ఏడు జానలదే. నీకది నచ్చలేదుగా మావయ్యా."

"నచ్చలేదు. పెట్టు."

ఆదర్శ ఆటను ముట్టుకోకూడదు గాని, వేరే పేరుతో వేరే ఆట పెట్టుకోకూడదని ఎక్కడా లేదు. పొన్నారి నెట్‌వర్క్‌లో ఒక మూల పాతదాన్ని తెరిచింది. వెనక్కి మీట తగిలినా ఆట పోకుండా సరిచేసింది. అభిప్రాయాల గడి మాత్రం పీకేసింది. నోటీసు చెప్పిన పౌర్ణమి ఎలాగూ దాటిపోయింది, ఇక అభిప్రాయాలే లేకపోతే సగటు ఎక్కణ్ణించి తీస్తారు?

భల్లయ్య నలభై కొమ్మలు దాటి బురదలో పడ్డాడు. బల్ల గుద్దాడు. తెరంతా పైకీ కిందికీ వెతికాడు.

"తిట్టే చోటేదే?"

"లేదు మావయ్యా."

"మరి పడ్డాక ఏం చెయ్యాలి?"

"నాతో చెప్పు, వింటాను."

భల్లయ్య గంటసేపు చెప్పాడు. మనసు తేలికపడి మళ్ళీ ఆడాడు, మళ్ళీ పడ్డాడు, మళ్ళీ చెప్పాడు. సంగతి అడవంతా పాకింది. మూడో రోజుకి పొన్నారి కొమ్మ కింద చాంతాడంత వరస. లెక్కపెడితే రెండు వందల పదిహేడుమంది. ఆమె ఒక్కొక్కరి తిట్టూ విని, పనికొచ్చేది రాసుకుని, ఎవరెంత మొత్తుకున్నా ఆ ఏడు జానల్ని మాత్రం కదపలేదు.

వరస చివర్న ఫైలు చంకలో పెట్టుకుని దున్నప్పగారు నిలబడ్డారు.

"పదమూడో కొమ్మ దగ్గర నీ ఆటలో పెద్ద లోపముందమ్మాయ్" అన్నారు.

"ఏం లోపమండీ?"

"పడ్డాను" అన్నారాయన. "మళ్ళీ పడి చూసొస్తాను, నా చోటు ఉంచు."

నీతి కావాలన్నవారు ఇది పట్టుకెళ్ళండి: తిట్టేవాడే ఆటగాడు, మెచ్చుకునేవాడు సభకొచ్చినవాడు.