పొర తియ్యని బొమ్మ

పెద్ద ఫ్రేముకి గాజు మంచిదా, ప్లాస్టిక్ మంచిదా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నారా? ప్లాస్టికే! అందులోనూ, పైనున్న పొర తియ్యని ప్లాస్టిక్!

అనుభవంతో చెబుతున్నాను. మూడు నెలలు కూర్చుని నాలుగడుగుల బొమ్మ వేశాను. కుట్టుమిషను ముందు మా అమ్మ. దారం తెగినప్పుడు తలెత్తి ఒక్క క్షణం నవ్వుతుంది చూడండి, ఆ నవ్వు కోసమే వేశాను. అది అందరూ చూడాలని.

నాన్న మురిసిపోయి ఫ్రేముల షాపుకి తీసుకెళ్ళాడు. గాజైతే బరువు. మేకు ఊడితే కింద కూర్చున్నవాళ్ళ గతేమిటి? అందుకని ప్లాస్టిక్ షీటు వేయించాడు.

"ఇంటికెళ్ళాక ఆ తెల్ల పొర తీసెయ్యండి సార్," అన్నాడు షాపాయన.

నాన్న ఆయన్ని జాలిగా చూశాడు. "తీస్తే గీతలు పడవూ?"

పాపం, షాపాయనకి మా ఇంటి సంగతేం తెలుసు? మా ఫ్రిజ్ కొని ఆరేళ్ళయినా తలుపు మీద పొర అలాగే ఉంది. సోఫా మీద ప్లాస్టిక్ కవరు తియ్యలేదు కాబట్టి, కూర్చున్న చుట్టాలు సిగ్గుపడేలా చప్పుడు చేస్తుంది. కవరులో ఉన్న రిమోటు నొక్కితే ఛానెల్ మారదు. వచ్చిందే చూస్తాం. గొడవలే లేవు!

నాలాంటి బిడియస్తురాలికి ఈ పొర ఎంత మేలో! "చెయ్యి వంకరగా వేశావేం?" అని ఎవరైనా అడుగుతారా? కనిపిస్తేగా!

మొన్న మా మేనత్త వచ్చి గోడకేసి చూసి మెచ్చుకుంది. "పొగమంచు ఎంత బాగా వేశావే! ఆ కొండ ఎక్కడిదే?"

నేను అమ్మ వైపు చూశాను.

"ఎక్కడిదో కొండలే వదినా," అంది అమ్మ, మిషను ఆపకుండానే. తలెత్తలేదు.

ఆ మర్నాటి నుంచి బడికి వెళ్ళేముందు ఫ్రేము కింది మూల గోటితో కాస్త కాస్త లాగుతున్నాను. పొర గట్టిదనం పరీక్షించడానికే సుమా! నాలుగు రోజులకి అమ్మ పాదాలు బయటపడ్డాయి.

ఇవాళ బడి నుంచి వచ్చేసరికి కాళ్ళు మోకాళ్ళ దాకా కనిపిస్తున్నాయి! నేను వదిలిన చోటు నుంచి జానెడు పైకి. చింపినట్టు లేదు. కత్తెరతో కోసినట్టు అంచు తిన్నగా ఉంది.

నాన్న కూడా చూశాడు. "ఎవరు తీశారిది?"

"ఎవరు తీస్తారండీ? నాసిరకం పొర. దానంతటదే ఊడొస్తోంది," అంది అమ్మ. మిషను మీద కత్తెర ఇంకా తెరిచే ఉంది.

ఈ లెక్కన నవ్వు దాకా వెళ్ళడానికి ఇంకో వారం. గాజైతే మా ఇద్దరికీ ఈ పని దొరికేదా?

అందుకే అంటున్నాను, ప్లాస్టికే మంచిది!