బాబా ఖలాస్

శుక్రవారం ఉదయం గొడవ తువ్వాలు దగ్గర మొదలైంది. అతిథుల కోసం దాచిన తెల్ల తువ్వాలుతో మురళీధర్ తడికాళ్లు తుడుచుకున్నాడు.

"మనింటికి అతిథులెప్పుడొచ్చారు?" అన్నాడు పైగా.

"వస్తే ఏం ఇస్తాం? మీ కాళ్ల తడా?" అంది కుముదిని.

ఆ గొడవ మధ్యలోనే కూతురు సహస్ర ఓ కాగితం తెచ్చి ముందు పెట్టింది. కమ్యూనిటీ కాలేజీలో పారామెడిక్ శిక్షణ. ప్లస్‌టూలో బయాలజీ, టీకాల కార్డు, ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉండాలి. మరొకరితో కలిసి ఒక మనిషిని మెట్ల మీదుగా కిందికి దించగలగాలి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు తండ్రి సంతకం కావాలి. సహస్రకు రెండు నెలలు తక్కువ. గడువు ఆ సాయంత్రమే.

"అంబులెన్సుల్లో తిరగడానికా నిన్ను చదివించింది?" అన్నాడు మురళీధర్. తరువాత, ఎనభై నాలుగు కిలోల ధైర్యంతో, "సరే, నన్ను కిందిదాకా దించండి చూద్దాం. సంతకం పెడతా" అన్నాడు.

గల్ఫులో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే అబ్బాసియాలోని ఆ భవనంలో లిఫ్టు పాడై నెల దాటింది. వాళ్లది మూడో అంతస్తు. కుముదిని చున్నీ బిగించి కట్టుకుంది. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి తల్లీకూతుళ్లు చెరోవైపు పట్టారు. ఎవరైనా చూస్తే పరువు పోతుందని ఆయన ఆ తువ్వాలే ముఖాన కప్పుకున్నాడు. రెండో అంతస్తు దాటాక భయంతో కదలడం కూడా మానేశాడు.

కింద కాపలాదారు ఖలీల్ ఎదురయ్యాడు. "బాబాకో క్యా హువా?" అని, నాన్నకేమైందని హిందీలో అడిగాడు.

సహస్ర రొప్పుతూ కుర్చీ దించింది. "బాబా ఖలాస్!"

పని పూర్తయిందని ఆ పిల్ల ఉద్దేశం. తెల్లగుడ్డ కింద కదలని మనిషిని చూసిన ఖలీల్‌కు వేరే అర్థం తోచింది. గుండె మీద చెయ్యి వేసుకుని వీధిలోకి పరుగెత్తాడు.

మురళీధర్ నడిచే పైకెళ్లి స్నానానికి దూరాడు. పావుగంటలో ఆయన ఫోను మోత మొదలుపెట్టింది. అబ్బాసియా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో "మురళీధర్ గారికి శ్రద్దాంజలి" అని ఉంది. ఒత్తు తప్పుగా ఉందని కుముదిని ముందు గమనించింది. విషయం తరువాత అర్థమైంది.

ఆమె జవాబు రాసేలోగా కింది ఫ్లాటు సూరాయమ్మ, కోనసీమ మనిషి, ఏడుస్తూ వచ్చిపడింది. వెనకాల మరో ఆరుగురు. ఏడుగురు అతిథులు, ఇంట్లో శుభ్రమైన తువ్వాలు లేదు.

"పనసపొట్టు కూర అడిగారండీ! పొట్టు దొరకలేదన్నానండీ! ఇప్పుడెవరికి వండనండీ!"

"పిన్నిగారూ, ఆయన బాత్రూంలో..."

"అక్కడే పోయారా అండీ!"

తలుపు తెరుచుకుంది. మురళీధర్ లుంగీతో బయటికొచ్చి, "పొట్టు దొరికిందాండీ?" అన్నాడు.

సూరాయమ్మ నిలువునా కూలింది. తల నేలకు కొట్టుకోకుండా కుముదిని పట్టుకుంది. సహస్ర ఊపిరి చూసి, కాళ్ల కింద దిండ్లు పెట్టి, "జరగండి, గాలి రానివ్వండి!" అని అందరినీ వెనక్కి పంపింది. మురళీధర్ మాత్రం "నీళ్లు... ఉల్లిపాయ... తాళాలు..." అంటూ గోడకు అతుక్కుపోయాడు. రెండు నిమిషాల్లో సూరాయమ్మ కళ్లు తెరిచి, ఆయన్ను చూసి, మళ్లీ మూసుకుంది. ఈసారి కావాలనే.

మధ్యాహ్నం అన్నం దగ్గర మురళీధర్ ఫారం మీద సంతకం పెట్టాడు. "వందమంది గ్రూపులో పదకొండు దణ్ణాలేనా!" అని మాత్రం బాధపడ్డాడు.

బీయస్సీ జువాలజీ చదివిన కుముదిని అర్హతల కాగితం మరోసారి పై నుంచి కిందిదాకా చదివింది. వయసుకు పై హద్దు ఎక్కడా లేదు.

"సహస్రా, ఇంకో ఫారం తెచ్చిపెట్టు. నేనూ చేరుతున్నాను."

మురళీధర్ చేతిలో ముద్ద ఆగిపోయింది. "దానికీ నేనే సంతకం పెట్టాలా?"

"అక్కర్లేదు. నాకు పద్దెనిమిది నిండాయి."

ఆయన లేచి, చెయ్యి కడుక్కుని, తన తువ్వాలుకే తుడుచుకున్నాడు.