కార్డు ప్రకారం బుచ్చవ్వ

లాక్‌డౌన్‌తో డెబ్బై రోజులు మూతపడ్డ లింగమూర్తి మరమగ్గాల షెడ్డు ఆ సోమవారం పొద్దున ఎనిమిదింటికి తెరుచుకోవాలి. చొప్పదండిలో ఆయనకున్న ప్రణాళిక చాలా చిన్నది. కొబ్బరికాయ కొట్టాలి, పని మొదలుపెట్టాలి, శనివారంకల్లా మాస్కుల గుడ్డ అందించాలి. అందకపోతే ఆర్డరు వేరే షెడ్డుకు పోతుంది. మగ్గాల మీద దారం అయిపోయింది కాబట్టి ముందు దారం చుట్టిన కొత్త బీముల పోగుల్ని పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా అతకాలి. ఆ షెడ్డులో ఆ పని చేసేది లస్మవ్వ.

ప్రణాళికలో లేనిది వినోద. లింగమూర్తి కూతురు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్. కంపెనీ ఇంటి నుంచి పనిచేయమంటే వచ్చి, ఇంట్లో అన్నిటిలోనూ తప్పులు వెతకడం మొదలుపెట్టింది.

"బాపూ, కాయ కొట్టకు. ముందు గిది సదువు," అంటూ సర్కారు కాగితం పట్టుకొచ్చింది. "పనోళ్లకు ఏమన్నయితే జిమ్మెదారి ఓనర్‌దే. కేసయితది."

"ఎవల మీద?"

"నీ మీదనే."

లింగమూర్తి కొబ్బరికాయను మెల్లగా కింద పెట్టాడు.

కాగితంలో చాలా ఉన్నాయి. వాటిలో కంప్యూటర్‌తో అయ్యేది ఒకటే: అరవై ఐదేళ్లు దాటినవాళ్లు ఇంట్లోనే ఉండాలి. వినోద అక్కడి నుంచే మొదలుపెట్టింది. ముగ్గురు పనివాళ్ల ఆధార్ జిరాక్సులు తీసుకుని ఎక్సెల్‌లో ఎక్కించింది. పనికొచ్చేవాళ్ల గడి పచ్చగా, రానివాళ్లది ఎర్రగా మారేలా ఫార్ములా పెట్టింది.

మొదటి గడే ఎర్రబడింది.

"లస్మవ్వా, నీకు అరవై తొమ్మిది."

"నాకా? నీ నోట్ల మన్నువడ! నాకు యాభై నాలుగు గదనే."

"కార్డుల గట్లనే ఉన్నది."

"కార్డు క్యాంపుల, పింఛనుకు అక్కరొస్తదని పదిహేనేండ్లు ఎక్కువ చెప్పిన. గిప్పుడు నన్ను పనికెల్లి తీస్తరా? డెబ్బై రోజులు ఇంట్ల గోడలు సూసిన. ఇంకొక్కరోజు సూస్తే గోడలే నాతోని మాట్లాడుతయి, బిడ్డా."

"తీసుడు కాదు లస్మవ్వా, కాపాడుడు."

"కాపాడుడంటే గేటు బయట నిలవెట్టుడా?"

లస్మవ్వ ఇంటికి పోలేదు. టిఫిన్ సంచి పట్టుకుని ప్రహరీ నీడలో కూర్చుంది. కాసేపటికి మగ్గాలు నడిపే వెంకటి వచ్చి ఆమెకు ఆరడుగుల దూరంలో చేరాడు. అతనికి కార్డులో అరవై ఎనిమిది. క్యాంపు రోజున వరుసలో లస్మవ్వ వెనకాలే నిలబడ్డాడు, ఆమె చెప్పింది విని తనూ పదిహేనేళ్లు కలిపాడు.

మిగిలింది నాగరాజు. కార్డులో 1988కి బదులు 2008 పడింది.

"నాగరాజన్నా, నీకు పన్నెండేండ్లే. చిన్నపిల్లలతోని పని చేయిస్తే గది ఇంకో కేసు."

"మా పెద్దపిల్లకే పదకొండేండ్లమ్మా!" అన్నాడు నాగరాజు మీసం తడుముకుంటూ.

"రా బిడ్డా రా," బయటి నుంచి వెంకటి పిలిచాడు. "బడి తెరిస్తే ఏడో తరగతిల ఏస్త."

అప్పుడే ఫోన్ మోగింది. కార్మిక శాఖ నుంచి శ్యాంసుందర్ సారు పదకొండింటికి తనిఖీకి వస్తున్నారు.

"ఇగ నేనే అతుకుత," అని లింగమూర్తి చొక్కా చేతులు పైకి మడిచాడు.

"నీ కార్డేది బాపూ?"

లింగమూర్తి జేబులోంచి కార్డు తీసిచ్చాడు. షెడ్డు కొనకముందు ఆయనా కూలీయే. క్యాంపు వరుసలో మూడోవాడు. యాభై రెండేళ్ల మనిషికి కార్డులో అరవై ఏడు.

"నువ్వు సుత బయటికి నడువు."

"నా షెడ్డుల కెల్లి నన్నా?"

"నీ మీద కేసు కావద్దనే."

లోపల వినోద ఒక్కతే మిగిలింది. మూడు పోగులు అతికి ఐదు తెంపింది. ఆ సమయానికి చాయ్ గ్లాసుతో బుచ్చవ్వ వచ్చింది. లింగమూర్తి తల్లి, డెబ్బై నాలుగేళ్లు. ఒక కంట్లో పొర. వయసులో ఉన్నప్పుడు వాడంతటికీ పోగులు అతికిన మనిషి. కార్డు తీసిన రోజు ఫొటో అబ్బాయి "యాభై ఉంటయా అవ్వా?" అని అడిగితే మురిసిపోయి, "ఉంటయి" అంది. వినోద ఆ జిరాక్సు ఎక్కించింది. కార్డు ప్రకారం ఇప్పుడు యాభై తొమ్మిది. కొడుకు కంటే ఎనిమిదేళ్లు చిన్నది. గడి పచ్చబడింది.

"బాపమ్మా, పోగులు అతుకుతవా?"

"కండ్లు సరిగ కనవడయి గని, చేతులు మర్వలే," అంటూ బుచ్చవ్వ మగ్గం ముందు కూర్చుంది.

పదకొండింటికి శ్యాంసుందర్ వచ్చాడు. ప్రహరీ పక్కన నలుగురు గట్టి మనుషులు దూరం దూరంగా కూర్చుని ఉన్నారు. లోపల ఒక ముసలావిడ ఒంటరిగా బీముతో కుస్తీ పడుతోంది.

"పనోళ్లేరమ్మా?"

"బయట ఉన్నరు సార్. ముసలోళ్లు."

ఆయన నాగరాజును చూశాడు. "గీయన?"

"పిల్లగాడు సార్."

శ్యాంసుందర్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "మరి లోపలావిడ?"

"రూల్ ప్రకారం ఉన్నది ఆమె ఒక్కతే సార్," వినోద గర్వంగా లాప్‌టాప్ తిప్పి చూపించింది.

ఆయన తెర వైపు చాలాసేపు చూశాడు. తర్వాత షెడ్డులో అటూ ఇటూ చూశాడు. "అంతా మంచిగున్నది గని, చేతులు ఎక్కడ కడుగుతరు?"

వినోద పట్టికను కింది నుంచి పైకి వెతికింది. సబ్బు లేదు. డెబ్బై రోజులుగా మూసిన కిటికీలు ఇంకా మూసే ఉన్నాయి. కాగితంలో మొట్టమొదటి మాటలు అవే. కంప్యూటర్‌తో అయ్యే పని కాదని దాటేసింది.

గేటు దగ్గర లస్మవ్వ లేచి టిఫిన్ సంచిలోంచి సబ్బుబిళ్ల తీసింది. "పొద్దుగాలనే తెచ్చిన సార్. లోపలికి రానిస్తేనే గద."

"గీ రూల్ పెద్దోళ్లను కాపాడటానికమ్మా," శ్యాంసుందర్ నిదానంగా అన్నాడు. "మీరేమో అందరిలోకి పెద్దావిడనే లోపల కూసోవెట్టిన్రు. కార్డులు తర్వాత దిద్దించుకోండ్రి. ముందు కిటికీలు తెరవండ్రి. నీళ్లు, సబ్బు పెట్టండ్రి. మనిషికి మనిషికి నడుమ ఒక మగ్గం వదలండ్రి. శుక్రవారం మళ్ల వస్త."

వినోద స్వయంగా వెళ్లి కిటికీలు తెరిచింది. గేటు దాకా వచ్చి, "లోపలికి రా లస్మవ్వా," అంది.

"నాకు యాభై నాలుగేనా?"

"యాభై నాలుగే."

"గట్ల రా దారికి," అని లస్మవ్వ చేతులు కడుక్కుని బీము దగ్గరికి నడిచింది. మధ్యాహ్నానికి కొబ్బరికాయ పగిలింది. శనివారానికి గుడ్డ అందింది.

బుచ్చవ్వ మాత్రం లేవనంది. "పనికొచ్చేది నేనొక్కదాన్నేనని కంప్యూటరే చెప్పింది గద!" చివరికి సబ్బు చేతికిచ్చి బయట గుమ్మం పక్కన కుర్చీ వేశారు. ఆమెను దాటి మురికి చేతులతో ఎవరూ లోపలికి పోలేకపోయారు. శుక్రవారం శ్యాంసుందర్‌తో కూడా రెండుసార్లు కడిగించింది.

వినోద ఎక్సెల్‌లో వయసు వరుస తీసేసి సబ్బు వరుస చేర్చింది. బుచ్చవ్వ ఒక్కదాని వయసు మాత్రం, ఆమె కోరిక మీద, అలాగే ఉంచింది.