ఓడిపోవాల్సిన ఓర్విల్

ఆ రోజు ఓర్విల్ అనుకున్నది చిన్న పనే. పొద్దున సభలో ఓడిపోవాలి, మధ్యాహ్నం బస్సెక్కాలి. మంచు రోడ్డును మూసేసేలోపు వెళ్ళే ఆఖరి బస్సు అది. దిగేచోట అతని భార్య సెల్మా సమాధి ఉంది.

ఓడిపోవడం అతనికి కొత్త కాదు. అమెరికా ఉత్తరపు కొసన ఉన్న ఆ రాష్ట్రంలో శాసనసభ కొత్తగా కూడినప్పుడల్లా, తలుపుల దగ్గర నిలబడే సార్జెంటును సభ్యులే ఎన్నుకుంటారు. గెలిచేది ఎప్పుడూ అధికారపక్షం మనిషే. అయినా ఊరుకుంటే బాగుండదని ప్రతిపక్షం కూడా ఒక పేరు ఇస్తుంది. ఆ పేరు ఎప్పుడూ వాళ్ళ ఆఫీసులో కాగితాలు మోసే ఓర్విల్‌దే. ఓడి ఇంటికొచ్చిన ప్రతిసారీ సెల్మా ఆపిల్ కేకు చేసేది. "గెలిచినవాడికి జీతం, ఓడినవాడికి కేకు," అనేది. మొన్న ఆకులు రాలే కాలంలో ఆమె పోయింది. ఈసారి కేకు బేకరీలో కొని, డబ్బాలో కట్టించుకుని సభకు తెచ్చుకున్నాడు.

"ఈసారికి నా పేరు తీసెయ్యమ్మా," అన్నాడు ప్రతిపక్ష నాయకురాలు డాల్‌గ్రెన్‌తో.

"ఓడిపోవడంలో మీ అంత అనుభవం ఉన్నవాళ్ళు నాకెక్కడ దొరుకుతారు పెద్దాయనా? కాసేపే. బస్సు అందుతుంది, నాదీ పూచీ."

కేకు డబ్బా ఒళ్ళో పెట్టుకుని వసారాలో కూర్చున్నాడు. అధికారపక్షం సభ్యుడొకడు ఆగాడు.

"ఎవరికండీ కేకు?"

"మా ఆవిడకి."

సెల్మా పోయిన సంగతి ఆ సభ్యుడికి తెలుసు. ఎలాగూ ఓడిపోయేవాడే కదా, పాపం, నా ఒక్క ఓటూ వేస్తే ఏం పోయింది అనుకున్నాడు. అతని వెనకాలవాడూ అదే అనుకున్నాడు. ఆ వెనకాలవాడూ అంతే. ఎవరూ పక్కవాడికి చెప్పలేదు. ఓట్లేమో చీటీల మీద.

స్పీకరు చీటీలు విప్పుతూ విప్పుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అన్నీ ఓర్విల్‌కే. ఒక్కటి మాత్రం అధికారపక్షం నిలబెట్టిన పాత సార్జెంటు డ్వేన్‌కి.

"ఆ ఒక్కటీ నాదే," అంది డాల్‌గ్రెన్ తల పట్టుకుని. "మీ బస్సు కోసం వేశాను."

సంతోషించినవాడు డ్వేన్ ఒక్కడే. మోకాళ్ళ నొప్పుల మనిషి. తాళాల గుత్తి ఓర్విల్ చేతిలో పెట్టి, "బతికించావురా! పోయి చేపలు పట్టుకుంటా," అని కోటు తొడుక్కున్నాడు.

"ఒరే, నాకు బస్సుందిరా!"

"ఇప్పుడు నీకు తలుపుంది."

అధికారపక్షం గొల్లుమంది. మళ్ళీ ఓటు పెట్టాలన్నారు. తలెత్తుకోలేక కొందరు మెల్లగా బయటికి జారుకోబోయారు. మనుషులు తగ్గితే ఓటు చెల్లదు.

"సార్జెంట్! తలుపులు వెయ్యండి. ఒక్కరూ కదలకూడదు!" అని స్పీకరు అరిచాడు.

"నేను కూడానా అండీ?"

"ముందు మీరే!"

ఓర్విల్ తన చేత్తోనే తాళం వేసుకున్నాడు. కోటుతో సహా డ్వేన్ కూడా లోపలే చిక్కాడు. కిటికీలోంచి చూస్తుండగానే బస్సు వెళ్ళిపోయింది.

అరుచుకోవడం అయ్యి, రెండో ఓటు పడేసరికి సాయంత్రమైంది. ఈసారి ఎవరూ జాలిపడలేదు. ఓర్విల్ ఓడిపోయాడు. డ్వేన్ గెలిచి, కోటు విప్పి, బల్ల మీద కూలబడ్డాడు. రోడ్డు మూసేశారనీ, మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో తెలియదనీ రేడియోలో చెప్పారు.

ఖాళీ వసారాలో డ్వేన్ పక్కన కూర్చుని ఓర్విల్ డబ్బా విప్పాడు.

"సెల్మాది కదరా అది?"

"రోడ్డు తెరిచేదాకా నిలవుండదురా. తిను."

"నేను గెలిచాను కదరా, ఓడినవాడి కేకు నాకెలా పెడతావు?"

ఓర్విల్ అతని మోకాళ్ళకేసి ఒకసారి చూసి, పెద్ద ముక్క అతనికే కోశాడు.