లేపు, దించు, ఆపు

ఆదివారం పొద్దున ఇంద్రజ అనుకున్న పని చిన్నదే. పటాన్‌చెరులోని ఒక ఫ్యాక్టరీ వార్షికోత్సవంలో, సాయంత్రం ముగ్గురు కార్మికుల చేత అయిదు నిమిషాల నృత్యం చేయించాలి. మేనేజర్ కామేశ్వరరావుకు నచ్చితే క్యాంటీన్ పక్క హాలు ఆమె డ్యాన్సు క్లాసులకు ఇస్తారు. కిష్టారెడ్డిపేటలో రేకుల షెడ్డు కింద నేర్పుతున్న ఇంద్రజకు అది చిన్న మాట కాదు.

ఎవరికి ఎలా చెబితే వస్తుందో అలాగే చెప్పాలని ఆమె పట్టుదల. అంతకుముందు వారమంతా జరిగిన రిహార్సల్స్‌లో, చర్చిలో పాటలు పాడే సువార్తమ్మకు అడుగులన్నీ పాట కట్టి వినిపించింది. ప్యాకింగ్‌లో పనిచేసే క్లారాకు అదీ అక్కర్లేదు. పక్కవాళ్లను చూస్తే చాలు, అచ్చం అలాగే చేసేస్తుంది. చిక్కంతా నర్సన్నతోనే వచ్చింది. కింద నిలబడి, క్రేన్ నడిపేవాడికి చేతులతో సైగలు చేయడం అతని ఉద్యోగం.

"తామర మొగ్గ పైకి లేస్తోంది అనుకోండి, నర్సన్న గారూ."

"మొగ్గ గిగ్గ నాకు తెల్వది మేడం. నా చెయ్యికి క్రేన్ భాషొక్కటే వస్తది."

ఇంద్రజ దారి మార్చింది. "సరే. మొగ్గ లేస్తే 'లేపు' సైగ. రేకులు వాలితే 'దించు' సైగ. చేయండి చూద్దాం!"

నర్సన్న ఒక్క పూటలో నేర్చేశాడు. "గిట్ల మొదలే చెప్తే అయిపోతుండె గదా!"

ఆదివారం సాయంత్రం ఫ్యాక్టరీలో క్రేన్ ఉండే షెడ్డులోనే వేదిక వేశారు. ముందు వరుసలో కామేశ్వరరావు, ఆయన నెత్తిమీద క్రేన్ కొక్కేనికి గజమాల. నృత్యం అయ్యాక నర్సన్న 'దించు' సైగ చేస్తే, పైన క్యాబిన్‌లోని సుందర్‌రాజు దాన్ని దించాలి. పన్నెండేళ్లుగా నర్సన్న చెయ్యి ఎటంటే అటు క్రేన్ నడిపిన మనిషి అతను. రిహార్సల్స్ జరిగిన వారమంతా సెలవులో ఉన్నాడు.

మొదటి చరణంలోనే రేకులు వాలాయి. దండ దిగి సరిగ్గా మేనేజర్ మెడలో పడింది. ఆయన నమస్కారం పెట్టేలోపు మొగ్గ లేచింది. దండతో పాటు ఆయనా లేచారు. సారు లేచారని వెనకున్న మూడు వందల మందీ లేచి చప్పట్లు కొట్టారు. రేకులు వాలాయి. ఆయన కూర్చున్నారు, అందరూ కూర్చున్నారు. మొగ్గ మళ్లీ లేచింది.

"అగో, దండ గూడ డ్యాన్స్ చేస్తుందిరా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

నర్సన్నకు అప్పుడు వెలిగింది. రెండు చేతులూ చాచి 'ఆపు' అని ఊపాడు. అతన్ని చూసి క్లారా కూడా ఊపింది. సువార్తమ్మ పాటలో ఆ అడుగే లేదు. "ఏంది గిది?" అనుకుంటూనే "ఆపుమయ్యా, ఆపుమయ్యా" అని రాగం అందుకుంది. క్రేన్ ఆగింది. మేనేజర్ నిలబడే ఉన్నారు. షెడ్డంతా ఈలలు.

హాలు పోయినట్టే అనుకుంటూ ఇంద్రజ పరుగెత్తింది. "క్షమించండి సార్..."

"క్షమించడమేంటమ్మా! ఇరవై ఏళ్ల సర్వీసులో ఇంతమంది నాకోసం లేచి నిలబడటం ఇదే మొదటిసారి. రేపొచ్చి హాలు తాళాలు తీసుకో. ముందు నన్నీ దండలోంచి బయటకు తియ్యి."

తర్వాతి ఆదివారం కొత్త హాలుకు అందరికన్నా ముందు సుందర్‌రాజు వచ్చాడు. "నేను గూడ నేర్చుకుంట మేడం."

"మీకెలా చెబితే వస్తుంది? వింటేనా, చూస్తేనా?"

"సూస్తెనే. గని పైకెల్లి సూస్తెనే సమజైతది."

మరుసటి వారానికి హాల్లో ఒక మూలన నిచ్చెన వెలిసింది.