లేని నీళ్ళు మోయడంలో మెళకువలు

మా వీధికి నీళ్ళిచ్చే శాఖవారు, పైపు పగిలిన సంగతిని తీవ్రంగా పరిగణించి, ఒక నాటక శిక్షకుణ్ణి పంపారు. మేము ఆయనకు కుర్చీ వేశాం. పైపు బాగుచేసే మనిషి వచ్చి ఉంటే ఇంత మర్యాద జరిగేది కాదు.

అప్పటికప్పుడు కల్పించి ఆడే నాటకానికి నియమాలు కొద్దేనట. ఎదుటివారి మాటను కాదనకూడదు. అవునని, దానికి మరికాస్త కలపాలి. చేతిలో లేని వస్తువును ఉన్నట్టే పట్టుకోవాలి. పాత్రకు బలమైన కోరిక ఉండాలి, అది తీరకపోతేనే సన్నివేశం పండుతుంది. ఈ చివరి దాని బాధ్యత మొత్తం శాఖవారే తీసుకున్నారు.

మేము వరుసకట్టి, ఖాళీ చేతులతో నిండు బకెట్లు మోశాం. బరువుకు భుజం ఒక పక్కకు వాలాలన్నాడు శిక్షకుడు. నా బకెట్లో నీళ్ళు ఒలికిపోతున్నాయని మందలించాడు. నేను సిగ్గుపడి, నెమ్మదిగా నడిచాను.

మేడ మీది పెద్దమ్మకు మాత్రం కళాభిరుచి తక్కువ. మర్నాడు ఆమె కూతురు పురిటిబిడ్డతో ఆసుపత్రి నుంచి రావాలి. బిడ్డకు పోయడానికి ఇంట్లో చెంబెడు నీళ్ళు లేవు.

ఇంతలో పెద్ద ఇంజనీరుగారు తనిఖీకి వచ్చి, "నీళ్ళు బాగా వస్తున్నాయి కదమ్మా?" అంటూ పాత్రలో ప్రవేశించారు.

"చుక్క రావట్లేదు బాబూ," అంది పెద్దమ్మ.

శిక్షకుడు నొచ్చుకున్నాడు. "కాదనేశారు, సన్నివేశం చచ్చిపోయింది. అవునని, కాస్త కలపండమ్మా."

పెద్దమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "అవును బాబూ, బాగా వస్తున్నాయి. మెట్ల మీంచి పారుతున్నాయి. పాపం ఎండన పడి వచ్చారు, ఓ గ్లాసు తాగండి," అంటూ ఇంజనీరుగారికి ఖాళీ చెయ్యి చాపింది.

కాదనడానికి వీల్లేదు. ఆయన అందుకుని, గుటకలు వేసి, మూతి తుడుచుకున్నారు.

"ఇంకో గ్లాసు?"

"చాలమ్మా."

"చాలనకూడదు సార్," అన్నాడు శిక్షకుడు వినయంగా.

ఇంజనీరుగారు మరొకటి తాగి, పొడి దగ్గుతో కారెక్కారు. తలుపు పడగానే లోపల నీళ్ళసీసా మూత తీసిన చప్పుడైంది. మేము చప్పట్లు కొడుతూనే ఉన్నాం.

మా వీధికి ఉత్తమ సన్నివేశం బహుమతి వచ్చింది. ఫిర్యాదు పరిష్కారమైందని శాఖ ప్రకటించింది. మేము కాదనలేదు.

మర్నాడు బిడ్డకు స్నానం చేయించే వేళకు ఇరుగుపొరుగు వాళ్ళం తలా ఒక నిండు బకెట్ ఖాళీ చేతులతో మోసుకెళ్ళాం. ఈసారి నాది ఒలకలేదు. పెద్దమ్మ ఒక్కొక్కటే అందుకుని బిడ్డ మీద వంచింది. బిడ్డ మాత్రం గుక్కపట్టి ఏడ్చాడు.

పసివాడు, వాడికింకా నియమాలు తెలియవు. మెల్లగా నేర్పుతాం. మాకు మా పెద్దవాళ్ళు అలాగే నేర్పారు.