గొంతు పోయిన ఉపదేశి

నరసాపురం దిగువన గోదావరి ఒడ్డు గ్రామాలలో దుఃఖపడేవారందరినీ ఓదార్చే అధికారం ఉపదేశి జకరయ్యగారికి దఖలుపరుస్తూ మిషను దొరగారు ఉత్తర్వు చేశారు. ఆనాటి నుంచి ఆ ప్రాంతపు దుఃఖితులకు కష్టకాలం మొదలైంది.

జకరయ్యగారిది మహత్తరమైన కంఠం. అవతలి మనిషి "అయ్యగారండీ" అనేలోపే కష్టమేమిటో గ్రహించేసేవారు. పంట మునిగినవాడికి నోవహు ఓడ గురించి చెప్పేవారు. అల్లుడు అలిగి వెళ్లినవాడికీ నోవహు ఓడ గురించే చెప్పేవారు. వచ్చినవాళ్లు ఎంతో త్వరగా తేరుకుని ఇళ్లకు పరుగెత్తేవారు.

భార్య ఎస్తేరమ్మకు ఈ సేవ ఇంట్లోనే అన్ని పూటలా అందేది. ఆమె మాట్లాడటం మానేసి చాలాకాలమైంది. ఆమెకెంత మనశ్శాంతి కలిగించానో అని ఆయన పొంగిపోయేవారు.

ఆ ఏడు వరదలో, చేపలు పట్టే లోవమ్మ కొడుకు పడవతో సహా కొట్టుకుపోయాడు. ఆమె అన్నం మానేసింది. వాళ్లది హిందువుల ఇల్లే అయినా, ఓదార్పులో మతభేదం పాటించని జకరయ్యగారు పిలవకుండానే వెళ్లి పొద్దుగూకేదాకా ఓదార్చారు. ఆమె మంచినీళ్లు కూడా మానేసింది.

ఆ శ్రమకు ఆయన గొంతు పోయింది. మర్నాడు అలవాటు కొద్దీ మళ్లీ లోవమ్మ అరుగు మీద కూర్చుని నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"మావోడికి చేపల పులుసంటే పేణవండి," అంది లోవమ్మ, ఆయన నోరు మూసుకున్నాక. "ఆయేళా పొయ్యి మీదెట్టానండి. ఒచ్చి తింటానమ్మా అన్నాడండి."

ఆమె చాలాసేపు చెప్పింది. ఏడ్చింది. తరవాత లేచి గంజి తాగింది. జకరయ్యగారు కళ్లు తుడుచుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయారు.

ఇంటికి రాగానే ఎస్తేరమ్మ మిరియాల కషాయం చేతికిస్తూ మెల్లగా నోరు విప్పింది. "మన పాప పోయిన రోజు మీరు నాకు, బిడ్డలందరూ పోయినా ఓర్చుకున్న యోబు కథ చెప్పారండి. నేను పాప గురించి మాట్లాడదామనుకున్నాను."

ఆమె మాట్లాడింది. ఆయన విన్నారు. ఇద్దరూ కలిసి ఏడ్చారు. భార్య గొంతు ఎంత బాగుంటుందో ఆయనకు అప్పుడు తెలిసింది.

గొంతు రాని ఆ రోజులన్నీ ఆయన ఏ ఇంటికి వెళ్లినా విని వచ్చారు, అక్కడివాళ్లు తేరుకున్నారు. ఆయన కీర్తి గోదావరి దాటింది. దొరగారు రాజమండ్రిలో ఉపదేశుల సభ పిలిపించి, ఈ ఫలితాలకు కారణం సెలవియ్యమన్నారు. అప్పటికి గొంతు బాగుపడిన జకరయ్యగారు లేచి, "నేనేం చెయ్యలేదండి. నోరు మూసుకుని విన్నాను," అని కూర్చున్నారు.

సభ చప్పట్లతో మారుమోగింది. ఆ మాటలోని లోతు వివరించడానికి పెద్దలు ఒకరి తరవాత ఒకరు లేచారు. మౌనం దైవదత్తమన్నారొకరు. కాదు, అభ్యాసమన్నారు మరొకరు. తన భావం అలా పాడవుతుంటే జకరయ్యగారు ఎంతసేపని ఓర్చుకోగలరు? సవరిద్దామని లేచారు. కంఠం మునుపటికన్నా మహత్తరంగా పలికింది.

దీపాలు పెట్టే వేళకు, ఆయన వెంట సభకు వచ్చిన ఎస్తేరమ్మ ఆడవాళ్ల వరసలోంచి, "ఏమండీ," అంది. ఇంకోసారి అంది. తరవాత లేచి, ఒంటరిగా పడవల రేవు వైపు నడిచింది. ఆమె వెళ్లడం ఎవరూ గమనించలేదు. ఎదుటివారి మాట వినడం ఎంత గొప్పదో అందరూ శ్రద్ధగా వింటున్నారు.